కొత్త కెమెరా: సీతాకోకచిలుక ముఖం ఎందుకు దొరకడం లేదు?

రాజాం టీచరమ్మ:
నమస్కారమండి. రాజాం దగ్గర చిన్న ఊళ్లో నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. సంక్రాంతికి కానన్ 1500డి కొనుక్కున్నాను, రెండు లెన్సులతో. మా బడి ప్రహరీ వెనక జిల్లేడు పొదల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు వాలుతుంటాయి. రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. తీసిన ఫోటో చూపిస్తే ఒక పిల్ల "మేడం, దీనికి ముఖం ఏదండి?" అంది. నిజమే, రెండొందల ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ తల తేటగా లేదు. ఆ ముఖాన్ని పెద్దగా ప్రింటు తీయించి తరగతి గోడకి అతికించాలని ఉంది.

పిల్లల భోజనాలయ్యాక, ఒంటిగంట ప్రాంతంలో తీస్తున్నాను. ఆటో మోడ్. పెద్ద లెన్సు 250 దాకా తిప్పి. ఇంకా దగ్గరకి జరిగితే కెమెరా అసలు క్లిక్ అనడం లేదు. పాడైపోయిందేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు.

శృంగవరపుకోట బాబాయ్:
కెమెరా బాగానే ఉందమ్మా, టెన్షన్ పడకు. మీ కిట్‌లో వచ్చే 55-250 లెన్సు 1.1 మీటరు కంటే దగ్గరున్నదాన్ని ఫోకస్ చేయలేదు. ఫోకస్ కుదరకపోతే క్లిక్ కూడా అవ్వదు. అడుగు వెనక్కి వేసి క్లిక్ బటన్ మళ్లీ సగం నొక్కి చూడు, బీప్ అంటుంది.

ఇక ఆటో వదిలెయ్. డయల్ ఎం మీద, అంటే అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మీద పెట్టు. ఎఫ్ 8 (లెన్సు రంధ్రం సైజు, ఈ అంకె పెరిగితే ముందూ వెనకా ఎక్కువ తేటగా వస్తుంది), షట్టరు సెకనులో 1/640 వంతు, వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ మాత్రం ఆటో. తొమ్మిది ఫోకస్ చుక్కల్లో మధ్యది ఒక్కటే ఉంచి కంటి మీద పెట్టాలి. లేకపోతే కెమెరా దగ్గరున్న రెక్కనో ఆకునో పట్టుకుంటుంది. నీకు తల మసకగా రావడానికి అసలు కారణం అదే అనుకుంటున్నాను.

వేళ కూడా మార్చు. సీతాకోకచిలుకకి సొంతంగా ఒళ్లు వెచ్చబడదు, ఎండ కావాలి. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర లోపు రెక్కలు పరుచుకుని ఎండ కాగుతూ కదలకుండా కూర్చుంటుంది. ఒంటిగంటకి ఒంట్లో వేడంతా ఎక్కి నిలవదు. నీ నీడ దాని మీద పడకుండా చూసుకో, నీడ పడితే లేచిపోతుంది. మా ఊరి దగ్గర పుణ్యగిరిలో తడి ఇసుక మీద ఉప్పు లవణాల కోసం మగవి గుంపుగా వాలతాయి. అక్కడ నేను బోర్లా పడుకుని మోచేతుల మీదే జరుగుతాను. నిలబడి వెళ్తే ఒక్కటీ మిగలదు.

బొబ్బిలి పెరటితోట:
అక్కా, మీరు చెప్పిన సీతాకోకచిలుక పేరు ప్లెయిన్ టైగర్. నేర్చుకునేవాళ్లకి దానికంటే మంచిది లేదు. గొంగళిగా ఉన్నప్పుడు జిల్లేడు తిని ఆ విషం ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు ముట్టుకోవు. అందుకే తీరిగ్గా ఎగురుతుంది. మా నిమ్మచెట్టు చుట్టూ తిరిగేవైతే తేనె తాగేటప్పుడు కూడా రెక్కలు ఆపవు, నాకు ఏడాది పట్టింది.

జిల్లేడు ఆకు అడుగున వెతకండి. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు ఉంటుంది. ప్యూపా, అంటే గొంగళి సీతాకోకచిలుకగా మారే గూడు, దొరికితే మీ పని అయినట్టే. బయటకి వచ్చాక రెక్కలు ఆరేదాకా ఎటూ పోదు, ముఖం ఎంతసేపైనా తీసుకోవచ్చు. పిల్లల్ని మాత్రం ఆకు తుంచనివ్వకండి, ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.

రాజాం టీచరమ్మ:
బాబాయ్ గారూ, ఇవాళ ఏడుంపావుకే బడికి వెళ్లాను. బీప్ అంది! నల్లటి తల మీద తెల్లటి చుక్కలు, చుట్టచుట్టుకున్న నాలుక. ఫోన్లో చూసి మా ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు. ఒక్క సందేహం. తల తేటగా వచ్చింది, రెక్క అవతలి సగం మసక.

శృంగవరపుకోట బాబాయ్:
సంతోషం తల్లీ. మూసిన రెక్కకి కెమెరాని సమాంతరంగా, గోడకి ఎదురుగా నిలబడ్డట్టు పట్టుకో. కాస్త ఏటవాలుగా ఉన్నా ఎఫ్ 8 ఆ తేడాని కప్పలేదు.

రాజాం టీచరమ్మ:
అలాగేనండి. బొబ్బిలి చెల్లెమ్మా, ప్యూపా దొరికింది! నిన్నటిదాకా లేత ఆకుపచ్చ, ఈ సాయంత్రం నల్లబడింది, లోపల నారింజ రంగు రెక్క కనబడుతోంది. అడిగిన పిల్లకి కబురు పెట్టాను. రేపు ఆరింటికే ఇద్దరం అక్కడ ఉంటాం.