వాళ్లే రద్దు చేస్తే మనకు రావాల్సింది ఎంత? బస్సు, రైలు, విమానం, ఫంక్షన్ హాల్ అనుభవాలు ఇక్కడ రాయండి

గోదావరి గట్టు

సంక్రాంతికి కూకట్‌పల్లి నుంచి అమలాపురం వెళ్లడానికి ఒక ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్ బస్సులో ముందుగానే సీట్లు తీసుకున్నాం. అప్పటికి రేటు మామూలుగానే ఉంది. తీరా బయల్దేరే రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: సాంకేతిక కారణాల వల్ల సర్వీసు రద్దు, మీ డబ్బు వాలెట్‌లో వేశాం అని. అదే రాత్రికి అదే ట్రావెల్స్ వాళ్లు అదే ఊరికి ఇంకో బస్సు పెట్టి దాదాపు మూడింతల రేటుకు సీట్లు అమ్ముతున్నారు. స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. చంటిపిల్లతో, మా అత్తగారితో చివరికి కారు మాట్లాడుకుని వెళ్లాం.

యాప్ వాళ్లు "మేం మధ్యవర్తులం మాత్రమే" అంటారు. ట్రావెల్స్ ఆఫీసులో "యాప్‌లో బుక్ చేశారు కాబట్టి వాళ్లనే అడగండి" అంటారు. ఇద్దరూ కలిసి చెప్పే మాట మాత్రం ఒకటే. డబ్బు తిరిగి వచ్చింది కదా, ఇంకేం కావాలి?

నాకు కావాల్సింది కారు ఖర్చుకూ బస్సు టికెట్‌కూ మధ్య తేడా. అది అత్యాశ అని నేననుకోవడం లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగితే ఏం అడిగారు, ఎంత వచ్చింది, ఎలా వచ్చింది? బస్సులే కాదు, ఏదైనా రాయండి.

శంషాబాద్ ఫ్లయర్

బస్సుల సంగతి నాకు తెలియదు కానీ విమానాలకు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాసిపెట్టిన నియమాలున్నాయండీ. చాలామందికి తెలియక వదిలేస్తారు.

ఎయిర్‌లైన్ రద్దు చేస్తే రెండు వారాల ముందే చెప్పాలి. ఇంకో విమానం ఇవ్వాలి లేదా పూర్తి డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ రెండింట్లో ఏది కావాలో మనమే చెప్పాలి. 24 గంటల ముందు కూడా చెప్పకుండా రద్దు చేస్తే దానికి పైన నష్టపరిహారం ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి రూ. 5,000, గంట నుంచి రెండు గంటలకు రూ. 7,500, రెండు గంటలు దాటితే రూ. 10,000.

మెలిక ఇక్కడే ఉంది. ఆ మొత్తం, మన టికెట్‌లోని బేసిక్ ఫేర్ ప్లస్ ఇంధన చార్జీ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. నాకు హైదరాబాద్ నుంచి వైజాగ్ పొద్దున్న విమానాన్ని ముందురోజు రాత్రి రద్దు చేశారు. నా బేసిక్ ఫేర్, ఇంధన చార్జీ కలిపి రెండున్నర వేలు. కాబట్టి స్లాబ్ ఏడున్నర వేలైనా నాకు దక్కేది ఆ రెండున్నర వేలే. ఆ పూట ఇంకో ఎయిర్‌లైన్‌లో టికెట్ తొమ్మిది వేలు పెట్టి కొన్నాను. ముందే ప్లాన్ చేసుకుని చవగ్గా కొన్నవాడికే పరిహారం తక్కువ. ఈ లెక్క నాకు ఎప్పటికీ న్యాయంగా అనిపించదు.

ఆ రెండున్నర వేలు కూడా ఊరికే రాలేదు. మొదట "ఆపరేషనల్ కారణాలు" అని ఒక్క ముక్క రాశారు. వాతావరణం, ఏటీసీ (గగనతల ట్రాఫిక్ నియంత్రణ), సమ్మె, భద్రత లాంటి వాటికి పరిహారం ఇవ్వక్కర్లేదు కాబట్టి అందులో ఏది కారణమో రాతపూర్వకంగా చెప్పమన్నాను. చెప్పలేదు. ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాక డబ్బు వేశారు. ఇంకో విషయం, బుకింగ్‌లో మన ఫోన్ నంబర్ సరిగ్గా లేకపోతే పరిహారం అడిగే హక్కు పోతుంది. ఏజెంట్ల దగ్గర కొనేవాళ్లు వాళ్ల నంబర్ కాకుండా మీ నంబర్ వేయించుకోండి.

ఓరుగల్లు

రైళ్లకైతే పరిహారం అనే మాటే లేదు. రైలు పూర్తిగా రద్దయితే ఈ-టికెట్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, టీడీఆర్ (రిఫండ్ కోసం పెట్టే దరఖాస్తు) అక్కర్లేదు. మూడు గంటలకు మించి ఆలస్యమై మనం ఎక్కకపోతే టీడీఆర్ వేయాలి, అది కూడా రైలు మన స్టేషన్ నుంచి కదలక ముందే. ఏసీ పనిచేయకపోతే ఆ తేడా అడగొచ్చు.

2024 సెప్టెంబర్ వరదల్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి వందల రైళ్లు రద్దయ్యాయి కదా, అప్పుడు నేనూ ఆగిపోయాను. దానికి రైల్వేను పరిహారం అడగాలని నాకు అనిపించలేదు. రాత్రంతా పట్టాల మీద పనిచేసినవాళ్లను చూశాం. వరదకూ, ఎక్కువ రేటు కోసం బస్సు ఆపేయడానికీ ఒకే లెక్క కట్టకూడదు.

గుంటూరు వకీలు

గోదావరి గట్టు గారూ, మీరు అడిగిన "తేడా" కొత్త కోరిక కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. 73వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం మీ కథే.

ఒకాయన కలకత్తా నుంచి సిడ్నీకి ఓడలో వెళ్లడానికి సగం చార్జీ ముందే కట్టాడు. జనవరి 1న బయల్దేరాల్సిన ఓడ బయల్దేరలేదు. కొన్నాళ్లు కలకత్తాలో ఖర్చులు పెట్టుకుని ఉండి, వేరే ఓడలో వెళ్లాడు. ఆలస్యంగా చేరినందువల్ల సిడ్నీలో కొంత డబ్బు నష్టపోయాడు. ఓడ యజమాని ఏం ఇవ్వాలి? కట్టిన అడ్వాన్సు వడ్డీతో సహా ఇవ్వాలి. ఆగిపోయిన రోజుల ఖర్చు ఇవ్వాలి. రెండో ఓడకు ఎక్కువ పెట్టి ఉంటే ఆ ఎక్కువ మొత్తమూ ఇవ్వాలి. సిడ్నీలో పోయిన డబ్బు మాత్రం ఇవ్వక్కర్లేదు.

బస్సులకైనా, హాళ్లకైనా నేను ఇదే కొలత వాడమంటాను. టికెట్ డబ్బు, ఆగిపోయిన ఖర్చు, ప్రత్యామ్నాయానికి పెట్టిన అదనం. అయితే ఆ అదనం సమంజసంగా ఉండాలి. ఆర్టీసీ స్పెషల్ బస్సులో సీటు దొరికే అవకాశం ఉండి కూడా పెద్ద కారు తీసుకుంటే "నష్టం తగ్గించుకోవడానికి ప్రయత్నించలేదు" అంటారు. కాబట్టి వేరే బస్సుల్లో, రైళ్లలో సీట్లు లేవని చూపించే స్క్రీన్‌షాట్లు కూడా దాచుకోండి. ఆ పూట టెన్షన్‌లో ఎవరికీ గుర్తుండదు, తర్వాత అదే ముఖ్యమైన సాక్ష్యం అవుతుంది.

రైల్వేకు పరిహారమే లేదన్న మాటకు ఒక చిన్న సవరణ. 2016లో అజ్మీర్ నుంచి జమ్మూ వెళ్లే రైలు నాలుగు గంటలు ఆలస్యమై ఒక కుటుంబానికి శ్రీనగర్ విమానం తప్పిపోయింది. వాళ్లు టాక్సీలో వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఆలస్యానికి కారణం ఏమిటో, అది తమ చేతుల్లో లేనిదని రైల్వేయే నిరూపించుకోవాలని 2021 సెప్టెంబర్‌లో కోర్టు చెప్పి, టాక్సీకి రూ. 15,000, బుకింగ్ ఖర్చులకు రూ. 10,000, మానసిక వేదనకు, కోర్టు ఖర్చులకు చెరో రూ. 5,000 ఇవ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది.

మియాపూర్ మెట్రో

వకీలు గారూ, మా తమ్ముడు బస్సు రద్దవడంతో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లలేకపోయాడు. ఆ ఉద్యోగం విలువ అడగొచ్చా?

గుంటూరు వకీలు

అడగొచ్చు గానీ రావడం చాలా కష్టం. సిడ్నీలో పోయిన డబ్బు లాంటిదే అది. టికెట్ అమ్మినవాడికి ఆ సంగతి ముందే తెలిసి ఉంటే తప్ప కోర్టు ఒప్పుకోదు. మీ తమ్ముడి బాధ చిన్నదని కాదు. కానీ రాని పెద్ద మొత్తం కోసం పట్టుబట్టి, రావాల్సిన చిన్న మొత్తాన్ని పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఖమ్మం అమ్మ

మా అమ్మాయి పెళ్లికి ఫంక్షన్ హాల్ బుక్ చేశాం. శుభలేఖలు పంచేశాం. ముహూర్తం దగ్గర పడ్డాక హాల్ మేనేజర్ ఫోన్ చేసి "ఆ రోజు వేరే పార్టీకి ఇచ్చేశాం, అడ్వాన్స్ వచ్చి తీసుకెళ్లండి" అన్నాడు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: మనం రద్దు చేసుకుంటే అడ్వాన్స్ పోయినట్టే, వాళ్లు రద్దు చేస్తే అడ్వాన్స్ మాత్రమే ఇస్తారు. ఒక వైపుకే బరువున్న షరతు అది. దాన్ని మొదటి రోజే ఎవరు చదువుతారు?

బస్సు అయితే మర్నాడు వెళ్లొచ్చు. ముహూర్తాన్ని ఎక్కడికి జరుపుతాం? ఊరి చివర ఇంకో హాల్ దొరికింది, అద్దె చాలా ఎక్కువ. మావారు కేసు వద్దన్నారు, పెళ్లింట్లో కోర్టు మాట ఎందుకని. నేను మాత్రం మా అన్నయ్యను, కేటరింగ్ ఆయన్ని తీసుకుని ఓనర్ దగ్గరికే వెళ్లాను. కొత్త హాల్ అద్దె రసీదు, కొత్త చిరునామాతో మళ్లీ వేయించిన కార్డుల బిల్లు, స్టేజీ సామాను కొత్త చోటికి తరలించడానికి అయిన లారీ ఖర్చు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టాను. మాకు పడిన హైరానాకు ఒక్క రూపాయి కూడా కలపలేదు. అన్నీ బిల్లులే కావడంతో ఆయనకు కాదనడానికి ఏమీ దొరకలేదు. రెండు విడతలుగా మొత్తం ఇచ్చాడు.

అప్పటినుంచి మా బంధువులకు చెబుతున్నాను. అడ్వాన్స్ ఇచ్చే రోజే "యాజమాన్యం రద్దు చేస్తే వేరే హాల్ అద్దెలో తేడా కూడా భరించాలి" అని రసీదు మీద రాయించుకుని సంతకం పెట్టించుకోమని. అడిగితే చాలామంది రాస్తారు.

ట్రావెల్స్ నడిపేవాణ్ణి

నాకు రెండు బస్సులున్నాయి. మావాళ్లందరినీ ఒకే గాటన కట్టొద్దని మనవి. పండగ ముందు రవాణా శాఖ తనిఖీల్లో పర్మిట్ చిక్కు వచ్చి బండి ఆగిపోవడం, గేర్‌బాక్స్ పోవడం, డ్రైవర్‌కి ఆరోగ్యం బాగోకపోవడం నిజంగానే జరుగుతాయి. అలాంటప్పుడు పక్క ట్రావెల్స్‌లో నా డబ్బుతో సీట్లు కొని ప్రయాణికుల్ని పంపించాను. నష్టం వచ్చింది, కానీ మళ్లీ నా బస్సే ఎక్కుతున్నారు.

మొదటి పోస్టులో చెప్పింది మాత్రం దొంగతనమే. రద్దు చేసి అదే దారిలో ఎక్కువకు అమ్మేవాళ్ల వల్ల మా పేరూ పోతోంది. మీ దగ్గర కొత్త బస్సు స్క్రీన్‌షాట్ ఉందన్నారు కదా. బయల్దేరేటప్పుడు దాని రిజిస్ట్రేషన్ నంబర్ కూడా దొరికితే రవాణా శాఖకు ఫిర్యాదు చేయండి. వాలెట్ రిఫండ్ కంటే ఆ ఫిర్యాదుకే ఎక్కువ భయపడతారు.

కర్నూలు క్రికెట్

2025 మే 10న ఉప్పల్‌లో జరగాల్సిన హైదరాబాద్, కోల్‌కతా మ్యాచ్ సరిహద్దు ఉద్రిక్తతల వల్ల ఆగిపోయింది, తర్వాత ఢిల్లీకి మారింది. టికెట్ డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించారు. అది సరే, దేశం పరిస్థితి అలా ఉన్నప్పుడు ఇంకేం అడగను. నా బాధంతా మామూలు ఈవెంట్ల గురించి. ఆర్టిస్టు రాలేదని షో రద్దు చేసినప్పుడు టికెట్ ధర ఇస్తారు, కన్వీనియెన్స్ ఫీజు ఉంచుకుంటారు. షో జరగనప్పుడు ఆ ఫీజు దేనికి?

మైన్ నది ఒడ్డున

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాస్తున్నాను. మన అమ్మానాన్నలు ఇటువైపు వస్తుంటారు కాబట్టి ఇది తెలుసుకోండి. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, బయట నుంచి అక్కడికి వచ్చే యూరోపియన్ ఎయిర్‌లైన్లకూ ఆ యూనియన్ 261/2004 నియమం వర్తిస్తుంది. మన పాస్‌పోర్ట్ ఏ దేశానిదైనా సరే. రెండు వారాల ముందు చెప్పకుండా రద్దు చేస్తే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్, హైదరాబాద్ దూరానికి 600. పైన చెప్పిన డీజీసీఏ నియమంలా టికెట్ చవకైతే తగ్గించడం లేదు. రావాల్సింది డబ్బే, మనం సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్ అంటగట్టకూడదు. మామూలు సాంకేతిక లోపం సాకుగా చెల్లదు. తుఫాను లాంటి వాటికి ఆ పరిహారం ఉండదు కానీ భోజనం, హోటల్ అప్పుడు కూడా ఇవ్వాలి.

మా నాన్నగారికి విమానం రద్దయితే కౌంటర్‌లో ఒక కూపన్ ఇచ్చి పంపేశారు. ఆయన దండం పెట్టి తీసుకున్నారు. తర్వాత ఆయన తరఫున నేను ఫారం నింపి 600 యూరోలు తెప్పించాను. పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లు అడగరు, పిల్లలే అడగాలి.

డాలస్ నుంచి

అమెరికాలో అలా లేదండీ. రద్దు చేసినందుకు పరిహారం చట్టంలో లేదు. 2024 అక్టోబర్ నుంచి రిఫండ్ మాత్రం అడగకుండానే ఇవ్వాలి. కార్డుకైతే ఏడు పనిదినాల్లో, మిగతావాటికి ఇరవై రోజుల్లో. దేశంలో మూడు గంటలు, అంతర్జాతీయంగా ఆరు గంటలు మార్పు వచ్చి మనం ఆ ప్రయాణం మానుకున్నా రిఫండే. వాళ్లిచ్చిన వేరే విమానం ఎక్కితే అది ఉండదు.

మియాపూర్ మెట్రో

వాలెట్‌లో వేసిన డబ్బు బ్యాంకుకు పంపమంటే కుదరదంటున్నారు. ఇది సరైనదేనా?

శంషాబాద్ ఫ్లయర్

ఒప్పుకోకండి. 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఓలాను సరిగ్గా ఇదే విషయంలో ఆదేశించింది, రిఫండ్ బ్యాంకులోకా, కూపన్‌గానా అన్నది కస్టమరే ఎంచుకునేలా పెట్టమని. ఆ ఉదాహరణ చూపించి మెయిల్ చేయండి. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు పైలట్ల విశ్రాంతి నిబంధనల దగ్గర సర్దుకోలేక వేలల్లో రద్దైనప్పుడు కూడా, బాగా ఇబ్బంది పడినవాళ్లకు రూ. 10,000 వోచర్లను డీజీసీఏ పరిహారానికి అదనంగా ప్రకటించారు. వోచర్ అదనంగా ఇస్తే మంచిదే. డబ్బుకు బదులుగా ఇస్తేనే అభ్యంతరం. మళ్లీ వాళ్ల దగ్గరే కొనమని షరతు పెట్టి ఇచ్చేది పరిహారం ఎలా అవుతుంది?

గోదావరి గట్టు

అందరికీ థాంక్స్. యాప్‌ను, ట్రావెల్స్‌ను ఇద్దరినీ చేర్చి ఫిర్యాదు చేయొచ్చా?

గుంటూరు వకీలు

చేర్చండి. ఎవరి వాటా ఎంతో వాళ్లే తేల్చుకుంటారు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలావరకు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వేయండి. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. ముందు పంపే నోటీసు ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీ, ఫలానా నంబర్ బుకింగ్‌ను మీరు ఫలానా సమయానికి రద్దు చేశారు. అదే రోజు అదే మార్గంలో మీరు నడిపిన సర్వీసు వివరాలు జతచేశాను. ప్రత్యామ్నాయ ప్రయాణానికి ఇంత ఖర్చయింది, బిల్లు జతచేశాను. టికెట్ ధర పోను మిగిలిన ఇంత మొత్తాన్ని 15 రోజుల్లో నా బ్యాంకు ఖాతాకు చెల్లించగలరు. లేనిపక్షంలో వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

కోపం ఒక్క వాక్యంలో కూడా రాయకండి. ఖమ్మం అమ్మ గారు చేసినట్టు బిల్లులే మాట్లాడాలి.

ఓరుగల్లు

ఒక సందేహం. సంస్థే దివాలా తీస్తే?

గుంటూరు వకీలు

అప్పుడు చాలా కష్టం. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు ప్రయాణికులకు ఎదురైంది అదే. దివాలా ప్రక్రియ మొదలయ్యాక విడిగా కేసులు నడవవు, అప్పులవాళ్లతోపాటు మనమూ క్లెయిమ్ వేసి ఎదురుచూడాలి. క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్లు మాత్రం వెంటనే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడగండి, సేవ అందలేదని రాసి. దానికి గడువు తక్కువ, రిఫండ్ వస్తుందేమోనని చూస్తూ కూర్చుంటే దాటిపోతుంది.