వారానికి 1500లో ఐదుగురి ఇల్లు ఎలా నడుపుతున్నారు?

లత_కూకట్‌పల్లి:
మేం ఐదుగురం. అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు (ఒకరు ఎనిమిది, ఒకరు ఐదో తరగతి). మా ఆయనకు జీతం తగ్గించారు. అద్దె, ఫీజులు, ఈఎంఐ పోగా సరుకులకు వారానికి 1500 మించి తీయలేను, గ్యాస్ వేరే. బియ్యం టెన్షన్ లేదు. రేషన్‌లో నెలకు మనిషికి 6 కిలోల చొప్పున 30 కిలోలు వస్తాయి, సన్నబియ్యం మొదలైనప్పటి నుంచి అవే తింటున్నాం. మిగతా వాటికే శుక్రవారానికల్లా పర్సు ఖాళీ. బయట తినకండి, స్విగ్గీ మానేయండి లాంటి సలహాలు వద్దు, అవి ఎప్పుడో అయిపోయాయి. మీ ఇళ్లలో నిజంగా ఏం కొంటారు, ఏం వండుతారు చెప్పండి.

పద్మ_గాజువాక:
లతగారూ, మా లెక్క ఇది. మేం నలుగురం, మామయ్యగారు రెండు పూటలా మా దగ్గరే తింటారు కాబట్టి ఐదుగురమే. పాలు రోజూ అరలీటరు, వారానికి 210. నూనె ప్యాకెట్ 140. కందిపప్పు, పెసరపప్పు కలిపి కిలో, 120. గుడ్లు 15, వంద రూపాయలు. కూరగాయలు, ఆకుకూరలు 350. ఉల్లిపాయలు, టమాటాలు 100. ఉప్మారవ్వ కిలో 45, మినప్పప్పు అరకిలో 65. టీపొడి, పంచదార, చింతపండు, పోపుసామాను 150. మొత్తం 1280. మిగిలిన 220తో ఒక వారం ముప్పావు కిలో చికెన్, ఇంకో వారం సబ్బులు, సర్ఫు. రెండూ ఒకే వారంలో కావాలంటే కుదరదు.

కూరగాయలు రైతుబజార్‌లోనే. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసి ఉంటాయి, ముందు అది చూస్తాను, తర్వాతే ఏం వండాలో ఆలోచిస్తాను. బెండకాయ కూర వండాలనుకుని వెళ్తే ఎంతకైనా కొనాల్సి వస్తుంది కదా. పప్పు మాత్రం రోజూ ఉంటుంది కానీ రోజూ ముద్దపప్పు కాదు. వంద గ్రాముల పప్పులో రెండు కట్టల తోటకూరో, సొరకాయ ముక్కలో వేస్తే ఐదుగురికీ వస్తుంది.

కిరాణా_కొడుకు:
మాది సూర్యాపేట దగ్గర చిన్న కిరాణా కొట్టు, చిన్నప్పటి నుంచి గల్లా దగ్గరే కూర్చున్నా. అక్కా, మీ డబ్బు కూరగాయల్లో పోవట్లేదు. వారం డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లు అన్నీ పావుకిలో, వంద గ్రాములు, పది రూపాయల ప్యాకెట్లు కొంటారు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకే సరుకు ఎక్కువ రేటు పడుతుంది, ఇది మా కొట్టులో రోజూ చూసేదే. పది రూపాయల టీపొడి ప్యాకెట్‌లో ఎన్ని గ్రాములున్నాయో చూసి, కిలోకు ఎంతో లెక్క కట్టండి, మీకే తెలుస్తుంది.

ఒకేసారి నెల సరుకు తెచ్చుకోండి అని అందరూ చెప్తారు, డబ్బుంటే ఎవరు తెచ్చుకోరు? మా దగ్గరికొచ్చే ఒక పెద్దమ్మ ఇలా చేస్తుంది. ఒక్కో వారం ఒక్క సరుకే ఎక్కువ కొంటుంది. ఈ వారం పప్పు మూడు కిలోలు, మిగతావి ఎప్పట్లాగే కొద్దికొద్దిగా. వచ్చే వారం పప్పు కొనే పని లేదు కాబట్టి ఆ డబ్బుకు కాస్త కలిపి నూనె. ఆ తర్వాత మినప్పప్పు, రవ్వ. మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఆ వారం చికెన్ మర్చిపోవాలి. చింతపండు, ఎండుమిర్చి మాత్రం ఎండాకాలంలో కొత్త సరుకు దిగినప్పుడే వీలైనంత కొనిపెట్టుకోవాలి.

ఇంకోటి నూనె ప్యాకెట్. లీటరు నూనె తూకం సుమారు 910 గ్రాములు. చూడ్డానికి అదే సైజులో 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. పది రూపాయలు తక్కువకు వచ్చిందని సంబరపడే ముందు బరువు చదవండి. ప్యాకెట్ మీద గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా వేస్తారు, రెండు కంపెనీలవి పోల్చడానికి అదే సులువు.

పద్మ_గాజువాక:
ఇది బాగుంది తమ్ముడూ. కానీ ఆఫర్లున్నాయని సూపర్ మార్కెట్‌కు పోతే కొట్టులో ఖాతా పోతుంది కదా. నెలాఖరున జ్వరమొచ్చి చేతిలో డబ్బు లేకపోతే, సూపర్ మార్కెట్ వాడు పద్దు రాసుకోడు.

కిరాణా_కొడుకు:
అందుకే సగం సరుకు మా దగ్గర కొనమంటా 🙂 నిజంగానే అంటున్నా. రెండు రూపాయలు ఎక్కువైనా ఖాతా బతికించుకోండి. పద్దు పుస్తకం ఇంకోటి మీ దగ్గర కూడా ఉండాలి, మేం రాసిన దాని మీదే ఆధారపడకండి.

హెల్తీ_లైఫ్:
అందరూ బియ్యం మానేసి కొర్రలు, అండుకొర్రలు, సామలకు మారితే ఆరోగ్యానికి మంచిది, తక్కువ తింటే సరిపోతుంది కాబట్టి ఖర్చూ తగ్గుతుంది.

సుజాత_నల్గొండ:
అండుకొర్రల రేటు ఈమధ్య అడిగారా అండీ? రేషన్ బియ్యం ఉచితంగా ఇస్తుంటే అవి కొనమంటారా! చవకగా కావాలంటే జొన్నలున్నాయి, రాగులున్నాయి. పిండి పట్టించుకుంటే జొన్నరొట్టె, రాగి అంబలి. అవి ఎప్పటి నుంచో పేదవాళ్ల తిండే, మిల్లెట్ అని పేరు మారాకే రేటు పెరిగింది.

లతా, నా వైపు నుంచి కొన్ని. వారంలో రెండు పూటలు కూర వండను. పచ్చిపులుసు చేస్తాను. చింతపండు రసం, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, చిన్న పోపు. గ్యాస్ దాదాపు ఖర్చు కాదు. పక్కన నువ్వుల పొడో, వేయించిన పల్లీలో ఉంటే పిల్లలు గొణగరు. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు మా ఇంట్లో చింతపండే దిక్కు, టమాటా లేకపోతే కూరే లేదనుకోవడం ఈమధ్య వచ్చిన అలవాటు. బీరకాయ తొక్కు, సొరకాయ తొక్కు పారేయకండి, రోటిపచ్చడికి అవే బాగుంటాయి. కాలీఫ్లవర్ కాడలు పప్పులోకి వెళ్లిపోతాయి.

ఉల్లిగడ్డ మేం నాలుగిళ్లవాళ్లం కలిసి మలక్‌పేట మార్కెట్ నుంచి బస్తా తెప్పించుకుని పంచుకుంటాం. మనకు బస్సు ఫ్రీనే కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. కాకపోతే బస్తా బస్సులో ఎక్కించడం మన వల్ల కాదు, దానికి ఒకరింటి బండి కావాలి.

లత_కూకట్‌పల్లి:
చాలా థ్యాంక్స్. మీ అందరి మాటల్లోనూ నాకు పనికొచ్చేవి దొరికాయి. రెండు ప్రశ్నలు. రేషన్ బియ్యం అన్నం ముద్దయిపోతోంది, అత్తమ్మ రోజూ అంటోంది. ఇంకోటి, కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, ప్లాస్టిక్ బియ్యం అని పక్కింటావిడ ఏరి పారేయమంది.

పద్మ_గాజువాక:
ఏరకండి! అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపినవి. ఎక్కువసార్లు కడగక్కర్లేదు కూడా. ముద్దవడం కొత్త బియ్యం వల్ల. నీళ్లు గ్లాసుకు ఒకటిన్నరకు తగ్గించి చూడండి. వీలైతే ఈ నెల బియ్యం పక్కన పెట్టి పోయిన నెలవి వాడండి. ముద్దయ్యే బియ్యం దోసెలకు బాగుంటుంది: మూడు గ్లాసులకు ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు, గుప్పెడు అటుకులు. మెంతులు వేస్తే మినప్పప్పు కొంచెం తగ్గినా దోసె తేడా రాదు.

ఆటో_రమేశ్:
మీ ఆయన పని చేసే చోట దగ్గర్లో 5 రూపాయల భోజనం కేంద్రం ఉందేమో చూడండి అక్కా. హైదరాబాద్‌లో చాలా చోట్ల ఉన్నాయి, నేను మధ్యాహ్నం అక్కడే తింటా. మొదట్లో సిగ్గుగా ఉండేది, లైన్లో టై కట్టుకున్నవాళ్లను చూశాక పోయింది. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు, అక్కడ టిఫిన్, రాత్రి భోజనం కూడా ఐదుకే.

లక్ష్మి_భీమవరం:
గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు ఈ చర్చ చదువుతుంటే అంగన్‌వాడీలో పేరు రాయించుకోవడం మర్చిపోకండి. తెలంగాణలో కేంద్రం దగ్గరే భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు, చిన్నపిల్లలకు బాలామృతం పిండి ఇంటికి ఇస్తారు.

ఇక నా చిట్కా: ఎండు రొయ్యలు. యాభై గ్రాములు వేస్తే వంకాయ కూరైనా, సొరకాయ కూరైనా ఇంటిల్లిపాదికీ నీసు కూరే. చికెన్‌కు పెట్టే డబ్బులో నాలుగో వంతు కూడా కాదు. తలలు, తోకలు తీసి, నూనె లేకుండా వేయించి వాడాలి.

లత_కూకట్‌పల్లి:
అయ్యో లక్ష్మిగారూ, మా ఓనర్లు కింద పోర్షన్‌లోనే ఉంటారు. చికెన్‌కే ముఖం ముడుస్తారు. ఎండు రొయ్యలు వేయిస్తే ఖాళీ చేయమంటారు.

లక్ష్మి_భీమవరం:
వాసనంతా వేయించేటప్పుడే. ఊరికి వెళ్లినప్పుడు మీ అమ్మగారింట్లో వేయించి, పొడి కొట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో తెచ్చుకోండి. కూర దించే ముందు రెండు చెంచాలు వేసి మూత పెట్టేయండి. కొంచెం వాసన వస్తుంది, అబద్ధం చెప్పను. వాళ్లు గుడికి వెళ్లే టైమ్ తెలుసుకోండి.

సుజాత_నల్గొండ:
శనివారం మాత్రం వద్దు 😄