మ్యాట్ అంటే గరుకా? తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
గోడ రంగుల డబ్బా మీది సూచనలు తెలుగులో రాస్తున్నాను. ‘మ్యాట్ ఫినిష్’ అన్న చోట పాత ప్రతిలో ‘గరుకు ముగింపు’ అని ఉంది. అది చదివితే ఇసుక తేలిన గోడ గుర్తొస్తోంది. ‘కాంతిహీనం’ అని రాస్తే రంగు వెలిసిపోయిందనుకుంటారు. ఏ మాట వాడాలి? మ్యాట్‌కీ షీన్‌కీ (కొద్దిగా మెరిసే రకానికీ) మధ్య గీత ఎక్కడుందో కూడా తెలిస్తే చెప్పండి.

జవాబు 1:
‘గరుకు’ తప్పేనండి. గరుకుదనం చేతికి తెలుస్తుంది, మ్యాట్ కంటికి తెలుస్తుంది. హోనింగ్ చేసిన, అంటే మెరుపు రాకుండా నున్నగా మాత్రమే అరగదీసిన, చీమకుర్తి నల్ల గ్రానైట్ పలకను నిమిరితే చెయ్యి సాఫీగా జారుతుంది, కానీ పైనున్న ట్యూబ్‌లైటు గీత అందులో కనబడదు. అది మ్యాట్. ఇనుప సామాను మీద వేసే హ్యామర్‌టోన్ రంగు దీనికి తిరగేసినట్టు ఉంటుంది, చేతికి గతుకులు తగులుతాయి, అయినా మెరుస్తుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఊరగాయ జాడీని బోర్లించండి. పక్కలు నిగనిగలాడుతుంటాయి. నేలకు ఆనే అంచుకు మాత్రం గ్లేజు ఉండదు, అక్కడ వెలుగు పడ్డా తళుకు రాదు.

నేనైతే ‘మెరుపు లేని’ అంటాను. ‘కాంతిహీనం’, ‘కళ తప్పిన’ లోపాన్ని చెప్పే మాటలు, మ్యాటేమో కోరి వేయించుకునేది. ‘ముగింపు’ అన్నది కథకు సరిపోతుంది గానీ గోడకు కాదు. డబ్బా మీద ‘మ్యాట్ – మెరుపు లేని రకం’ అని రాయండి. దుకాణంలో అడిగేది మ్యాట్ అనే కాబట్టి ఆ మాట తీసేయొద్దు.

జవాబు 2:
గీత ఎక్కడో అంకెల్లో చెప్తాను. మెరుపును గ్లాస్‌మీటరుతో (gloss meter, మెరుపును కొలిచే పరికరం) కొలుస్తారు. వక్రీభవన గుణకం 1.567 ఉన్న నున్నటి నల్లగాజు మెరుపును 100గా తీసుకుంటారు. మామూలుగా 60 డిగ్రీల కోణంలో చూస్తారు. అక్కడ 10 కన్నా తక్కువ వస్తే 85 డిగ్రీలకు, 70 దాటితే 20 డిగ్రీలకు మారుస్తారు. గోడ రంగులకున్న ఐరోపా ప్రమాణం ఈఎన్ 13300 ప్రకారం 85 డిగ్రీల దగ్గర 10 లోపు ఉంటే మ్యాట్, 5 లోపైతే డెడ్ మ్యాట్. 60 డిగ్రీల దగ్గర 60 లేదా అంతకు మించితే గ్లాసీ (glossy, నిగనిగలాడేది). నడిమిది షీన్. శాటిన్, సిల్క్, ఎగ్‌షెల్ అన్నవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు. ఒకరి శాటిన్, ఇంకొకరి శాటిన్ ఒకటి కాకపోవచ్చు. అందుకే ఆ పేర్లను తెలుగు చెయ్యకుండా అలాగే ఉంచడం మంచిది.

ప్రశ్న వేసినవారు:
చాలా ఉపయోగపడింది. సూచనల్లో జాగ్రత్తలు కూడా చేర్చాలి. మ్యాట్‌కు ప్రత్యేకంగా ఏం రాయాలి?

జవాబు 3:
ముందుగా రాయాల్సింది కలపడం గురించి. మెరుపు చంపడానికి చాలా రకాల్లో సన్నని సిలికా పొడి వేస్తారు, అది డబ్బా అడుగుకు దిగుతుంది. పైపైన కలిపి వాడితే మొదటి గోడ మెరుస్తుంది, చివరి గోడ సున్నం కొట్టినట్టు తేలుతుంది. కర్రను అడుగు దాకా దింపి, గోకుతూ కలపమని రాయండి. చెక్క మీద వేసే మ్యాట్ పీయూ (పాలీయూరెథేన్) పూతకైతే ఇది మరీ ముఖ్యం.

రెండోది తుడవడం. మరక మీద పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే పైనున్న, చేతికి తెలియనంత సన్నని గరుకు రేణువులు అణిగి, అక్కడ మెరిసే మచ్చ పడుతుంది. ఆ మచ్చ కడిగినా పోదు, మళ్ళీ రంగు వేయాల్సిందే. తడి స్పాంజితో, మెత్తగా అద్దాలి. స్విచ్చుల చుట్టూ, వంటగట్టు వెనక షీన్ వాడమనడం మేలు. లప్పం ఎగుడుదిగుడుగా ఉన్న గోడకు, సీలింగుకు మ్యాట్‌ని మించింది లేదు, గతుకులు అంతగా బయటపడవు.

ఒక సంగతి కస్టమర్లకు తప్పక చెప్పండి. ముదురు రంగు మ్యాట్‌లో కొంచెం పాలిపోయినట్టు కనిపిస్తుంది. పైతలం వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది, ఆ తెలుపు అసలు రంగుతో కలిసి కంటికి చేరుతుంది. పైన చెప్పిన హోన్డ్ నల్లరాయి మీద నీళ్ళు చల్లితే చటుక్కున నల్లబడేది అందుకే. రంగుల కార్డు మెరిసే కాగితం మీదుంటే దాన్ని నమ్మొద్దు. ఒక అడుగు చదరం మేర గోడ మీదే వేసి, ఆరాక చూసుకోమనండి.