ఉప్పునీటి తొట్టి: వేయకుండానే ఉప్పు పెరుగుతోంది, ఏం చేయాలి?

నల్లగొండ కుర్రాడు:
పొద్దుటి నుంచి ఈ తొట్టి ముందే కూర్చున్నాను, తిండి కూడా సహించడం లేదు. వంద లీటర్ల ఉప్పునీటి తొట్టి. ఉప్పుదనం కొలిచే హైడ్రోమీటర్ మొదట్లో 1.025 చూపించేది, ఇప్పుడు 1.031. అదనంగా చిటికెడు ఉప్పు కూడా వేయలేదు. రెండు క్లౌన్ చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. దుకాణంలో అడిగితే ఏదో మందు సీసా అంటగట్టారు. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత లేక టేబుల్ ఫ్యాన్ పెట్టాను. త్వరగా చెప్పండి. అలాగే, పగడాలు ఎప్పుడు వేయవచ్చు?

మిర్యాలగూడ:
ఏ ఉప్పు? ఏ నీళ్లు? వేడి ఎంత? ఇవేవీ రాయకుండా అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

నల్లగొండ కుర్రాడు:
ఉప్పు అక్వేరియం ప్యాకెట్‌దే సార్, వంటింటిది కాదు. వేడి 30. నీళ్లు మామూలువే.

మర్రిగూడ మాస్టారు:
మామూలువే అంటే బోరువేనా? మన జిల్లాలో ఉంటూ ఆ మాట ఎలా అనగలిగారు? పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్లగొండ పేరే పెట్టారు, నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఇంకా పెరిగితే ఎముకలకూ ముప్పు. ముందు నీటిని పరీక్ష చేయించండి, చేపల సంగతి తర్వాత.

పాలమూరువాసి:
మాస్టారూ, సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీటిలో భయపడాల్సింది నైట్రేట్‌కు, ఫాస్ఫేట్‌కు, రాగికి. రాగి ఉంటే రొయ్యలు, పగడాలు బతకవు.

మర్రిగూడ మాస్టారు:
సముద్రమెక్కడ, మా ఊరి బోరెక్కడ? రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

మిర్యాలగూడ:
ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, ఫ్యాన్ గాలికి నీళ్లు తగ్గుతుంటాయి కదా. తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నావు?

నల్లగొండ కుర్రాడు:
ఉప్పు కలిపిన నీళ్లే అన్నా. ఉప్పునీటి తొట్టి కదా మరి.

మిర్యాలగూడ:
అదీ సంగతి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. పైన మళ్లీ ఉప్పు నీళ్లు పోస్తే పెరగక ఏమవుతుంది? ఇక నుంచి ఉప్పు కలపని మంచినీళ్లే పోయాలి, అవి కూడా ఆర్‌ఓవి, అంటే లవణాలు తీసేసిన ఫిల్టర్ నీళ్లు. అద్దం మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసుకో, ఆ గీత వరకే నీళ్లు పోయ్. ఇప్పుడున్న నీటిని రోజుకు కొంచెం తీసి, అంతే ఆర్‌ఓ నీళ్లు పోస్తూ నాలుగైదు రోజుల్లో 1.025కు దించు. ఒక్కసారిగా దించవద్దు. ఉప్పూ వేడీ పెరిగిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, అందుకే చేపలు పైకి వస్తున్నాయి. పంపు మూతిని పైకి తిప్పి నీటి ఉపరితలం బాగా కదిలేలా పెట్టు. ఫ్యాన్ తీయకు. మందు సీసా తెరవకు.

పాలమూరువాసి:
హైడ్రోమీటర్ ముల్లుకు బుడగలు అంటుకుంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దానిలో నీళ్లు నింపాక వేలితో తట్టి, బుడగలు పోయాక చూడండి. పగడాల విషయానికొస్తే, రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రం నుంచి తీసినవి ఎవరు అమ్మినా కొనకండి.

మిర్యాలగూడ:
పగడాలు లేకపోతే అది రీఫ్ (పగడపు దిబ్బ) తొట్టి ఎలా అవుతుంది?

పాలమూరువాసి:
బండలు, చేపలు, రొయ్యలతో మొదలుపెడితే తప్పేమిటి? తక్కువ ఖర్చులో అయ్యేది అదే.

నల్లగొండ కుర్రాడు:
తట్టి చూస్తే 1.030 వచ్చింది. ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెప్పించాను. థ్యాంక్స్ అన్నా.

మర్రిగూడ మాస్టారు:
ఆ క్యాన్ నీళ్ల టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మోతాదు, ఎంతో చూశారా? ప్లాంటు వాళ్లు రుచి కోసం బోరు నీళ్లు కలుపుతుంటారు.