దిగులు పియానో: షోపాన్‌తో మొదలుపెట్టాలా, నేటివాళ్లతోనా?

వానాకాలం:
రెండు నెలలుగా రాత్రి పదకొండు దాటాక పియానో వింటున్నాను. పాట లేదు, తాళవాద్యం లేదు, వాద్యబృందం లేదు. ఒక్క పియానో, అదీ దిగులుగా పలికేది. మొదట చెవిన పడింది జర్మన్ పియానో వాద్యకారుడు నిల్స్ ఫ్రామ్ 2011లో విడుదల చేసిన ‘ఫెల్ట్’ ఆల్బమ్. బెర్లిన్‌లో అర్ధరాత్రి వాయించుకునేటప్పుడు ఇరుగుపొరుగు వాళ్ల నిద్ర చెడకూడదని ఆయన తీగలకూ సుత్తులకూ మధ్య ఉన్నిగుడ్డ అడ్డం పెట్టాడు. నాదం మెత్తబడింది. దానికి తోడు పియానో మీద వేళ్లతో నొక్కే మెట్లు కదిలే చప్పుడు, కర్ర కిర్రుమనడం, ఆయన ఊపిరి అన్నీ రికార్డింగులో వినిపిస్తాయి. పక్కగదిలో ఎవరో మనకోసం మేలుకుని ఉన్నట్టు అనిపించి ఆ రాత్రి నిద్రపోలేదు.

మా అన్నయ్య పాతికేళ్లుగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటున్నవాడు. సంతోషంగా వినిపిస్తే రెండు నిమిషాలు విని, ‘ఇది అగరొత్తి పొగ లాంటిది. గది బాగుంటుంది, అంతే. ముందు పాతకాలపు పియానో స్వరకర్త షోపాన్‌ను వినాలి, లేకపోతే చెవి బద్ధకానికి అలవాటు పడుతుంది’ అన్నాడు. మనసు చివుక్కుమంది. ఆయన మాటలో ఎంత నిజం ఉంది? నాలాగా ఇప్పుడే వినడం మొదలుపెట్టినవాళ్లు పాతకాలం నుంచి ఇటు రావాలా, ఇటునుంచి అటు వెళ్లాలా?

మంద్రస్థాయి:
మీ అన్నయ్యగారి మాట కటువుగా ఉన్నా, పక్షం మాత్రం నాది అదే. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

షోపాన్ రాసిన చిన్న పియానో ముక్క, ఇ మైనర్ ప్రెల్యూడ్. ఓపస్ 28 (ఓపస్ అంటే రచన సంఖ్య) అనే సంపుటిలో నాలుగోది. 1839లో అచ్చయింది. మొత్తం 25 బార్లు (మన ఆవర్తనాల లాంటివి), రెండు నిమిషాలు. ఇ స్వరాన్ని షడ్జమం అనుకుని వినండి. కుడిచేయి పంచమం మీద నిలబడుతుంది, శుద్ధ ధైవతాన్ని తాకి మళ్లీ పంచమానికి వస్తుంది. మళ్లీ అదే, మళ్లీ అదే. ఏడుపు గొంతులో అడ్డంపడి మాట పెగలని మనిషిలా ఉంటుంది. ఎడమచేయి కార్డ్స్, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, వాయిస్తూ ఉంటుంది. వాటిలో ఒకసారి ఒక స్వరం, మరోసారి ఇంకో స్వరం అరస్వరం చొప్పున దిగుతుంది. పైన రాగం కదలడం లేదు, కింద నేల మాత్రం జారిపోతూ ఉంది. నడుమ ఒక్కసారి బిగ్గరగా విరుచుకుపడి, అంతలోనే సొమ్మసిల్లుతుంది. చివర్లో మనం ఊహించని ఒక కార్డ్ దగ్గర ఆగి, పూర్తిగా మౌనం. ఆ తర్వాత మూడే మూడు కార్డ్స్, అతి మెల్లగా. 1849 అక్టోబరు 30న పారిస్‌లో మదలేన్ చర్చిలో ఆయన అంత్యక్రియల్లో దీన్ని ఆర్గన్ మీద వాయించారు.

రెండు నిమిషాల్లో ఇంత జరుగుతుంది. ఇప్పుడు వస్తున్న ‘దిగులు పియానో’లో ఎక్కువ భాగం నాలుగు కార్డ్స్ గుండ్రంగా తిరగడమే. మూడో నిమిషంలో కాస్త బలం పెంచుతారు, నాలుగో నిమిషంలో తగ్గిస్తారు. బాధ ఉన్నచోటే ఉంటుంది, దానికి ఏమీ కాదు. అందుకే అది నాకు బాధలా వినిపించదు.

ఆరో అంతస్తు:
మంద్రస్థాయి గారూ, మీ వివరణ చదివి ఆ ప్రెల్యూడ్ మళ్లీ విన్నాను, కళ్లు చెమర్చాయి. అయినా మీతో ఏకీభవించలేను.

నిరుడు నాన్నగారు ఆసుపత్రిలో పదహారు రోజులున్నారు. రాత్రిళ్లు వరండాలో ఇనుప కుర్చీలో కూర్చునేవాణ్ని. కాళ్ల దగ్గర ఫ్లాస్కు, ఒళ్లో మందుల చీటీల సంచి. మీరు చెప్పిన సంగీతమే నా ఫోనులో ఉండేది, షూబర్ట్ చివరి సొనాటా అనే పెద్ద పియానో రచనతో సహా. పెట్టిన ప్రతిసారీ అర నిమిషంలో ఆపేసేవాణ్ని. అది నన్ను తనతో రమ్మంటుంది. నాకేమో లేచి నడిచే ఓపిక లేదు. అప్పుడు వినగలిగింది కదలకుండా ఒకచోట ఉండే సంగీతాన్నే. ఎస్టోనియా స్వరకర్త అర్వో పార్ట్ 1976లో రాసిన ‘ఫ్యుర్ అలీనా’ అలాంటిది. ఎడమచేతికి దాదాపు అంతటా బి మైనర్ త్రయం అనే కార్డ్‌లోని మూడు స్వరాలే. కుడిచేతి వరుసలో ఒక్కో స్వరం పెరుగుతూ వెళ్లి, మళ్లీ ఒక్కొక్కటిగా తగ్గుతూ వస్తుంది. ఎస్టోనియాలో తల్లి ఉండిపోయి కూతురు లండన్ వెళ్లిపోతే, ఆ తల్లికి ఓదార్పుగా రాసిన ముక్క అది. పిల్లలు విదేశాలకు వెళ్లిపోయాక ఖాళీ అయిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

బాధకు ఏదో జరగాలి అంటున్నారు మీరు. ఏమీ జరగకుండా రోజుల తరబడి ఉండిపోయే బాధ కూడా ఉంది. దానికీ ఒక సంగీతం కావాలి కదండీ.

మంద్రస్థాయి:
మీ పదహారు రోజుల ముందు నేను వాదించను. నాన్నగారు కోలుకున్నారని తలుస్తాను.

పార్ట్ విషయం మాత్రం వేరు. ఆ ముక్కలో ప్రతి స్వరం లెక్క ప్రకారం వస్తుంది. ఒక్కటి తీసేస్తే కుప్పకూలుతుంది. నా అభ్యంతరం తక్కువ స్వరాల మీద కాదు, ఏ స్వరం తీసేసినా తేడా తెలియని సంగీతం మీద.

గవ్వలు:
నేపథ్యంలో వినే పియానో కొత్తగా పుట్టిన జాడ్యం అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాటీని మరిచిపోతే ఎలా? 1888 నాటి ఆయన ‘జిమ్నోపెదీ’లలో మొదటిదానికి ‘నెమ్మదిగా, వేదనతో’ అని రాసుకున్నాడు. పైన రాగం, కింద రెండు కార్డ్స్ అటూ ఇటూ ఊగడం, చాలాసేపు అంతే. మంద్రస్థాయి గారు వద్దన్న లక్షణాలన్నీ అక్కడే ఉన్నాయి, అదీ 130 ఏళ్లకు పైబడిన పాతది!

అదే సాటీ 1920 మార్చి 8న పారిస్‌లోని ఒక చిత్రశాలలో ‘గృహోపకరణ సంగీతం’ వినిపించాడు. అది ఒంటరి పియానో కాదు, చిన్న వాద్యబృందం. కుర్చీ, బల్ల ఉన్నట్టే సంగీతమూ గదిలో పడి ఉండాలి, ఎవరూ పనిగట్టుకుని వినకూడదని ఆయన కోరిక. వాద్యాలు మొదలుకాగానే జనం మాటలు ఆపి వినడం మొదలుపెట్టారు. సాటీ వాళ్ల మధ్య తిరుగుతూ మాట్లాడండి, వినకండి అని బతిమాలాల్సి వచ్చింది. ఆయనే రాసిన ‘వెక్సేషన్స్’ అనే చిన్న ముక్కను 840 సార్లు వాయించాలన్న సూచనను పట్టుకుని, 1963లో న్యూయార్క్‌లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ బృందం వంతులవారీగా 18 గంటలకు పైగా వాయించింది.

కాబట్టి తిరిగిన చోటే తిరగడం తప్పు కాదు. ఎవరు, ఎందుకు తిప్పుతున్నారన్నదే నా ప్రశ్న.

వీణమీటు:
నేను వీణ వాయిస్తాను, పియానో ఎన్నడూ నేర్చుకోలేదు. మీ చర్చలో రాని ఒక విషయం నన్ను తొలుస్తోంది.

సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేశాక, ఆ స్వరాన్ని వంచే, పెంచే శక్తి వాయించేవారి చేతిలో ఉండదు. మెట్టును ఎంత అదిమినా నాదం పెరగదు. దానికి తెలిసింది తగ్గిపోవడం ఒక్కటే. వీణ కూడా మీటగానే తగ్గే నాదమే. కానీ నా ఎడమచేతి వేలు ఆ తగ్గే నాదంలోనే తీగను లాగి గమకం పలికిస్తుంది, ముఖారిలో ఒక్క స్వరాన్ని పట్టుకుని ఎంత దుఃఖమైనా చెప్పవచ్చు. పియానోలో స్వరానికీ స్వరానికీ మధ్య దారి లేదు. కొట్టాక వదిలేయాలి. ఇంతకాలం దాన్ని లోపం అనుకున్నాను. ఒక స్నేహితురాలి ఇంట్లో పియానో మీద మంద్రంలో ఒక మెట్టు నొక్కి, వేలు తీయకుండా తల వంచి విన్నాను. మొదట దెబ్బ, ఆ తర్వాత నాదం, ఆ తర్వాత తీగ వణుకు, చివరికి అది వినిపిస్తోందో నేనే ఊహించుకుంటున్నానో తేల్చుకోలేని స్థితి. అరనిమిషం పట్టింది. ఈ వాద్యం దిగులంతా ఆ వదిలేయడంలో ఉందని అప్పుడు తెలిసింది. ఆ తగ్గుదలను వినిపించుకుని, తర్వాతి స్వరం ఎప్పుడు వేయాలో ఆగి చూసుకునేవారెవరైనా నాకు నచ్చుతారు, ఏ శతాబ్దం వారైనా సరే.

ఇంకొక మాట. అందరూ ఐరోపావాళ్లనే తలుచుకున్నారు. ఇథియోపియా సన్యాసిని ఎమహోయ్ త్సెగె మర్యమ్ గెబ్రు పియానో వినండి. 1923లో పుట్టి, 2023లో జెరూసలేంలో కన్నుమూశారు. తమ దేశపు స్వరవరసలను పియానో మీదికి తెచ్చుకున్నారు. వేళ్లు పక్కపక్క మెట్ల మీద గబగబా జారుతుంటే గమకం కోసం తపిస్తున్నట్టే ఉంటుంది. తాళం ఒకచోట నిలవదు. గొంతులేని పాట అది.

మంద్రస్థాయి:
ఆమె పేరే వినలేదు నేను. నిన్న రాత్రంతా అదే విన్నాను. కృతజ్ఞతలు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. జపాన్ సంగీతకారుడు ర్యూయిచి సకమోతో చివరి స్టూడియో ఆల్బమ్ ‘12’ 2023 జనవరిలో వచ్చింది. క్యాన్సర్ చికిత్స మధ్య డైరీలా వాయించుకున్నవి. ముక్కలకు దాదాపుగా వేరే పేర్లు లేవు, తేదీలే పేర్లు. సింథసైజర్ కూడా ఉంది. స్వరాలకంటే ఆయన బరువైన ఊపిరే ఎక్కువ వినిపించే చోట్లున్నాయి. అక్కడ నా బార్ల లెక్క పనికిరాలేదు. అయినా నాలుగు కార్డ్స్ మీద నా మాట మార్చుకోను.

వానాకాలం:
అందరికీ దండాలు. నిన్న లైట్లు ఆర్పి, ఫోను బోర్లించి, ఇ మైనర్ ప్రెల్యూడ్ ఆరుసార్లు విన్నాను. చివర్లో వచ్చే ఆ మౌనం దగ్గర నాలుగోసారికి నా ఊపిరి దానంతట అదే ఆగింది. ఆ తర్వాత ‘ఫెల్ట్’ పెట్టాను. పలచబడిపోతుందేమో అని భయపడ్డాను, పలచబడలేదు. అందులో రెండు ముక్కలు మాత్రం ఇక వినాలనిపించలేదు, అది మంద్రస్థాయి గారి పుణ్యం.

ఎమహోయ్ వాయించినవి అన్నయ్యకు పంపితే రాత్రి ఒంటిగంటకు ఫోన్ చేశాడు. ‘ఇంకేమున్నాయి?’ అన్నాడు. ఫ్రామ్ గురించి మాత్రం తన మాట తనదే. వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తున్నాడు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఓపస్ 117 లోని మూడు ఇంటర్‌మెట్సోలు (చిన్న పియానో ముక్కలు) వినిపిస్తాడట. బ్రామ్స్ వాటిని తన దుఃఖాలకు పాడుకున్న జోలపాటలని చెప్పుకున్నాడని అన్నాడు. మంద్రస్థాయి గారూ, ఆ మూడింట్లో ముందుగా ఏది వినమంటారు?