ఆరుగురం ఉన్న ఫ్లాట్‌కి ఏ నెట్ తీసుకోవాలి?

నిజాంపేట_బ్యాచ్: జేఎన్టీయూ దగ్గర డబుల్ బెడ్రూంలో ఆరుగురం దిగాం. ఇద్దరికి ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్, ఒకడికి రాత్రంతా గేమ్స్, మిగతావాళ్ళకి సినిమాలు. 100 ఎంబీపీఎస్ సరిపోద్దా? ఆర్నెల్లకి ఒకేసారి కట్టాలా, నెలనెలా కట్టాలా? ఎవరి పేరు మీద తీసుకోవాలి?

బ్యాక్‌లాగ్_బాబు: పేరు సంగతి ముందు తేల్చుకోండి బ్రో. మాది నా ఆధార్ మీద తీసుకున్నాం, ఫైనలియర్ అవగానే అందరూ చెక్కేశారు, బాక్స్ వాపస్ ఇవ్వలేదని ఇప్పటికీ నాకే ఫోన్లు. ఆ బాక్స్ ఖమ్మంలో ఒకడింట్లో టీవీ పక్కన ఉంది, వాడి చెల్లి బర్త్‌డే ఫొటోలో చూశా.

స్పీడ్_స్వామి: 100 దండగ. మాకూ 100 అన్నారు, ఏది డౌన్‌లోడ్ పెట్టినా 12 దాటదు. పచ్చి మోసం.

కేబుల్_అన్న: 12 వస్తుందంటే బ్రహ్మాండంగా వస్తున్నట్టే తమ్ముడూ. వాళ్ళు చెప్పేది మెగాబిట్లు, నీకు కనబడేది మెగాబైట్లు. 8తో భాగించు, 12.5. తొమ్మిదేళ్ళుగా ఫైబర్ లాగుతున్నా, నెలకి పదిమంది ఇదే గొడవ.

స్పీడ్_స్వామి: నాకు చెప్పకన్నా, నేను ఈసీఈ.

బ్యాక్‌లాగ్_బాబు: ఈసీఈ చదివి 8తో భాగించలేకపోయావా 😂

స్పీడ్_స్వామి: నువ్వు ముందు బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేస్కో. నాకు వైఫై 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పెడితే బెడ్రూంలో అసలు రాదు, దానికేం లెక్క చెప్తారు?

కేబుల్_అన్న: రూటర్ ఎక్కడుంది?

స్పీడ్_స్వామి: హాల్లో బీరువా వెనక

కేబుల్_అన్న: 🙏 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటితేనే నీరసపడిపోద్ది, నువ్వు ఇనప బీరువా అడ్డం పెట్టావ్. బయటికి తీసి ఎత్తులో పెట్టు. బెడ్రూంకి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడు.

మణికొండ_అక్క: కరెంటు గురించి ఎవరూ అనరేంటి? నా ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో కరెంటు పోయి అంతా పోయింది. రూటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోండి. ఇంకోటి, 499 ప్లాన్ అంటే 18% జీఎస్టీతో 589 అవుద్ది, ఆ 90 దగ్గరే మా ఫ్లాట్‌లో మాటల్లేకుండా పోయాయి.

బ్యాక్‌లాగ్_బాబు: ఇవన్నీ సరే గానీ 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి జనం చనిపోయిన ఘటన తర్వాత స్తంభాల మీద కేబుళ్ళు కోసేశారు కదా, అప్పుడు మా వీధికి రెండ్రోజులు నెట్ లేదు. ఏ కంపెనీ అయితే ఏంటి.

కేబుల్_అన్న: ఆ రెండ్రోజులు నేను నిద్రపోలేదు తమ్ముడూ, నిచ్చెన మీదే ఉన్నా. నిజాంపేట తమ్ముడూ, కంపెనీ తర్వాత, ముందు వాచ్‌మెన్‌ని అడుగు మీ బిల్డింగ్‌లోకి ఏ లైన్లు ఆల్రెడీ వచ్చాయో. లేని లైన్ తెప్పిస్తే గోడకి బెజ్జం అని ఓనర్ గొడవ.

నిజాంపేట_బ్యాచ్: అడిగా అన్నా, రెండున్నాయంట. ఇంతకీ ఆర్నెల్లదా, నెలదా?

స్పీడ్_స్వామి: బీరువా జరిపా. బెడ్రూంలో 5 గిగాహెర్ట్జ్ వస్తోంది. అయినా 12 తక్కువే.