అప్‌డేట్: సెల్యులోజ్ నుంచి పిండిపదార్థం: అయోడిన్‌కు నీలిరంగు రాకపోవడానికి కారణం తెలిసింది

గడ్డిలోని సెల్యులోజ్‌ను ఎంజైములతో పిండిపదార్థంగా మార్చే మా విద్యార్థి ప్రాజెక్టులో అయోడిన్ పరీక్షకు నీలిరంగు ఎందుకు రావడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మా అధ్యాపకురాలు పరీక్షింపజేయగా ద్రావణంలో ఊహించినదానికంటే చాలా ఎక్కువ గ్లూకోజ్ కనిపించింది. మేము వాడిన వాణిజ్య సెల్యులేజ్‌లో (సెల్యులోజ్‌ను చిన్న చక్కెరలుగా విడగొట్టే ఎంజైము) బీటా-గ్లూకోసిడేజ్ అనే మరో ఎంజైము కూడా ఉండడమే దీనికి కారణం. సెల్లోబయోజ్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైముకు అందవలసిన సెల్లోబయోజ్‌ను (రెండు గ్లూకోజ్‌లు కలిసిన చక్కెర) బీటా-గ్లూకోసిడేజ్ ముందే రెండు గ్లూకోజ్ అణువులుగా విడగొట్టడంతో ఆ ఫాస్ఫోరిలేజ్ తయారుచేయవలసిన గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ అతికిన గ్లూకోజ్) తగినంత ఏర్పడలేదు. అది లేనిదే బంగాళదుంప ఆల్ఫా-గ్లూకాన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము, అయోడిన్‌తో నీలిరంగునిచ్చే పిండిపదార్థమైన అమైలోజ్ గొలుసును పెంచలేదు.

సెల్యులేజ్‌ను చల్లని స్థితిలో సెల్యులోజ్ పొడికి అంటుకోనిచ్చి, అంటని భాగాన్ని కడిగివేయమన్న సూచనే పనిచేసింది. బీటా-గ్లూకోసిడేజ్ చాలావరకు ఆ కడుగునీటిలోనే పోయింది, ఆ తరువాత నీలిరంగు స్పష్టంగా వచ్చింది. 2013లో వర్జీనియా టెక్ పరిశోధకులు ఇదే మార్గంలో సెల్యులోజ్‌లో 30 శాతం వరకు పిండిపదార్థంగా మార్చారు. మా దిగుబడి దాని దరిదాపుల్లో లేదు.

అయోడిన్ పాతబడిందన్న అనుమానానికి గాని, పీహెచ్ మార్పులకు గాని ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది.